కార్న్‌ఫ్లోర్‌లో వైస్ ప్రెసిడెంట్

శనివారం పొద్దున జయంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక బేసిన్, రెండు కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్లు, ఒక గరిటె పట్టుకుని మాదాపూర్‌లో భర్త ఆఫీసు ఫ్యామిలీ డేకి వెళ్లడం, కాసేపు ప్రయోగం చూపించడం, ఇంటికొచ్చి ఇడ్లీ పిండి రుబ్బుకోవడం. ఆమె ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఆ కాలేజీ ల్యాబ్‌లో విరిగిన బెంచీలు తప్ప ఇంకేమీ లేవు. పిల్లలు బ్యూరెట్ మొహం చూడకుండానే దాని బొమ్మ వేసి రికార్డులు నింపుతున్నారు. కంపెనీ సేవానిధి నుంచి ల్యాబ్ ఇప్పించగల మనిషి వైస్ ప్రెసిడెంట్ వెంకటరమణ గారు. ఇవాళ ఆ ప్రయోగం చూడబోయేది ఆయనే. ఆయనకు నచ్చితే ల్యాబ్, నచ్చకపోతే బెంచీలే.

ఇంత చిన్న పథకాన్ని పాడు చేయాలంటే ఇంట్లోనే ఒక మనిషి ఉండాలి కదా. ఉన్నాడు. ఉదయ్ భాస్కర్‌కు భార్య అంటే ప్రాణం, అంతకు మించి గర్వం. ఆమె చారు పెట్టినా నలుగురికీ చెప్పుకునే మనిషి, ప్రయోగం చేస్తుందంటే ఊరుకుంటాడా? ముందురోజే ఆఫీసు గ్రూపులో పెట్టేశాడు: "రేపు నా భార్య జయంతి మీ అందర్నీ నీళ్ల మీద నడిపిస్తుంది."

"ఏమండీ, నేను బేసిన్‌లో గరిటె తిప్పి చూపిస్తానన్నాను. నడిపిస్తానని ఎప్పుడన్నాను?" అంది జయంతి ఫోన్ చూసి, నెత్తి కొట్టుకుంటూ.

"నువ్వే చెప్పావుగా, గట్టిగా కొడితే రాయిలా అవుతుందని! గరిటె తిప్పితే ఎవరు చూస్తారే? పిల్లలు ఆడుకునే గాలి టబ్బు తెప్పించా. పెద్దది. పిండి బస్తాలు కూడా ఆఫీసులో దిగిపోయాయి."

"బస్తాలా!"

ఆ సందేశం అక్కడితో ఆగలేదు. నీళ్లంటే ఈతకొలను కాబోలనుకుని అడ్మిన్ వాళ్లు సెక్యూరిటీకి కబురు పెట్టారు. దంపతులు వెళ్లేసరికి సూపర్‌వైజర్ మొగిలి నలుగురు గార్డులకు లైఫ్ జాకెట్లు తొడిగించి, మోకు, గాలి రింగు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"లోతు పిక్కల దాకానే మొగిలీ," అన్నాడు ఉదయ్.

"ఎంతుంటే ఏంది సార్, నీళ్లు నీళ్లే. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, మేమున్నం."

పోయే పరువు ఎలాగూ పోయిందని జయంతి కొంగు దోపుకుని టబ్బు నీళ్లలో పిండి కలిపించింది. నిజం చెప్పొద్దూ, పాకం కుదిరాక ఆమెకూ హుషారొచ్చింది. మైకు అందుకుంది. "మెల్లగా తాకితే ఇది నీళ్లు, గట్టిగా తొక్కితే గచ్చు. పిండి రేణువుల మధ్య నీళ్లున్నంతసేపు అవి జారిపోతూ ఉంటాయి. ఒక్కసారిగా తొక్కితే ఆ నీళ్లు పక్కకు పోయి, రేణువులు ఒకదాన్నొకటి బిగించేస్తాయి. అందుకని పరుగెత్తండి. మధ్యలో ఆగారో, దిగిపోతారు!"

పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తారు. ఉదయ్ ఛాతీ విరుచుకుని పరుగెత్తి, ఒడ్డెక్కగానే "మా ఆవిడండీ!" అని అందరికీ చూపించాడు. అదంతా చూసి వెంకటరమణ గారు ఉండబట్టలేకపోయారు. బూట్లతోనే టబ్బు ఎక్కేశారు. బాగానే పరుగెత్తారు కూడా. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి ఫోటోగ్రాఫర్, "సార్, ఒక్కటి!" అన్నాడు. కెమెరా కనిపిస్తే ఆగడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. ఆగారు. నవ్వారు. బొటనవేలు చూపించారు. దిగిపోయారు.

నవ్వు అలాగే ఉంది కానీ కాళ్లు రావడం లేదు.

"అరే, సార్ మునుగుతుండు!" అని మొగిలి విసిరిన గాలి రింగు పోయి ఆయన మెడలో పడింది. గార్డులు ఆయన నడుముకు మోకు చుట్టి గుంజారు. గుంజినకొద్దీ పిండి ఇంకా బిగుసుకుంది.

"గుంజొద్దు! మెల్లగా!" అని జయంతి మొత్తుకుంది.

"పట్టండ్రా, ఇంకా గట్టిగా!" అంటూ ఉదయ్ కూడా మోకు అందుకున్నాడు. అతని టీమంతా వెనక చేరింది. టగ్ ఆఫ్ వార్ మొదలైందనుకుని పక్క టీము వాళ్లు పరుగున వచ్చి రెండో కొస పట్టుకున్నారు. అటూ ఇటూ ఈలలు, చప్పట్లు. మధ్యలో వెంకటరమణ గారు, "నా ప్యాంటు! నా ప్యాంటు!" అని ఒకటే కేకలు.

జయంతికి ఒళ్లు మండిపోయింది. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో, "అందరూ చేతులు కట్టుకోండి!" అంది.

మోకు కింద పడింది. ఇంజనీర్లందరూ ఠక్కున చేతులు కట్టుకున్నారు. మొగిలి కట్టుకున్నాడు. మెడలో రింగుతో వెంకటరమణ గారూ కట్టుకున్నారు.

"సార్, పసిపిల్లను నిద్రపుచ్చి పక్కలోంచి లేస్తామే, అలా తీయండి కాలు."

ఆయన ఊపిరి బిగబట్టి తీశారు. వచ్చింది. రెండోదీ వచ్చింది. బూట్లు మాత్రం రాలేదు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా, చిరిగిన ప్యాంటుతో వాష్‌రూమ్‌లోకి వెళ్లిపోయారు.

"నీ ల్యాబ్ ముంచేశానే జయంతీ," అన్నాడు ఉదయ్. జయంతికి కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది. సోమవారం కాలేజీలో పిల్లలకు ఏమని చెప్పాలి? ల్యాబ్ వస్తోందని వాళ్లు అప్పుడే బెంచీలు వరండాలోకి మోసేశారు.

వెంకటరమణ గారు సెక్యూరిటీ గార్డు ప్యాంటులో తిరిగొచ్చి మైకు తీసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే అందరూ మళ్లీ చేతులు కట్టుకున్నారు.

"ఇంటర్ కెమిస్ట్రీలో కాలేజీ ఫస్ట్ నేనే. అంతా బట్టీ. ద్రవమంటే ఏంటో, ఘనమంటే ఏంటో ఇవాళ నా కాళ్లకి తెలిసింది. మేడమ్, మీ పిల్లలు నాలాగా తయారవ్వకూడదు. ల్యాబ్ ఎప్పటికి కావాలి మీకు?"

జయంతి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టసాగింది.

"సోమవారానికండీ," అన్నాడు ఉదయ్.

హాలంతా చప్పట్లు. పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుని, మొహమంతా తెల్లగా చేసుకుని, జయంతి తలెత్తుకుని నిలబడింది. అంత అందంగా ఆమె పెళ్లిలో కూడా లేదని ఉదయ్ పక్కనున్న మొగిలితో చెప్పాడు.

సోమవారానికి కాదు కానీ, పరీక్షల ముందే ల్యాబ్ తయారైంది. బ్యూరెట్‌లోంచి మొదటి చుక్క జారుతుంటే పిల్లలంతా మెడలు చాచి చూశారు, జయంతి వాళ్లనే చూసుకుంది. ప్రారంభోత్సవానికి వచ్చిన వెంకటరమణ గారు ఉపన్యాసం మొత్తం నడుస్తూనే ఇచ్చారు.