నవలలో గోధుమరంగు పొడి

…అసలు మనిషికి ఏ నవల కావాలో ఆ మనిషికే తెలియదు, తెలుసనుకోవడం కూడా ఒక ఆత్మవంచనే, అందుకే ఎవరో ఒకరు ముఖం చూసి, లోపలి ఖాళీని కొలిచి, దానికి సరిపడే పుస్తకాన్ని చేతిలో పెట్టాలి, భిలాయిలో ఆ ఒక్కణ్ణి నేనే అని సెక్టర్ 7 తెలుగు సంఘం గదిలో, తాళం వేసిన పుస్తకాల అల్మరాకి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆలోచిస్తున్నాను. ఉక్కు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్ల దగ్గర ఫోర్‌మన్‌గా రిటైరైన గణపతిరావుగారికి రాజులూ కోటలూ అంతఃపుర ప్రేమలూ ఉన్న చారిత్రక నవల. నిప్పుల మధ్య బతికిన మనిషికి వైభవం కావాలి. తొమ్మిదో తరగతి చదివే ఆయన మనవరాలు సత్యశ్రీకి బడిపిల్లల నవల. ఆ వయసుకు అద్దం కావాలి. ప్రతి ఆదివారం ఇద్దరికీ నేనే ఏరి ఇస్తాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. కాదనకపోవడమే తృప్తికి నిదర్శనమని మనస్తత్వశాస్త్రం…

తలుపు దడాలున తెరుచుకుంది.

"గోపాలం! లేచి నిలబడు! ఈ శతాబ్దం కన్న ఏకైక అపరాధ పరిశోధకుడు నీ ఎదటికి వచ్చీసాడు!"

ఈ మాటలు యుగంధర్ మంచినీళ్ల కుండతో అన్నాడు. నా ఈ స్నేహితుడు పనిరోజుల్లో రైల్ మిల్లు గుమస్తా, సెలవురోజుల్లో డిటెక్టివ్. మారువేషానికని వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుంటాడు. వాటిలోంచి సూర్యుడు తప్ప మరేదీ కనిపించదు.

"నేనిటున్నాను."

"తెలుసు. కుండని కూడా అనుమానించాలి. అది మా వృత్తిధర్మం." తడుముకుంటూ వచ్చి, ఖాకీ అట్ట వేసిన నవల నా బల్లమీద పెట్టాడు. మా పుస్తకాలన్నిటికీ అదే అట్ట. "పోయిన ఆదివారం సత్యశ్రీ తిరిగిచ్చిన బుక్కు. తెరిచి చూడు. గుండె గట్టిగా పట్టుకో."

పేజీల మధ్య గోధుమరంగు పొడి.

"దుమ్మురా. ప్లాంటు దుమ్ము. ఈ ఊళ్లో దేన్ని దులిపినా ఇదే రాలుతుంది."

"దుమ్మయితే అన్ని పేజీల్లోనూ ఉండాలి. ఇది హీరోయిన్ ఏడ్చిన చోటల్లా ఉంది, నవ్విన చోట లేదు! గురూ, ఇది మత్తుమందు! పిల్ల దుఃఖం తట్టుకోలేక అగాధంలోకి జారిపోతంది!"

నవ్వాల్సింది. కానీ ఆ పిల్ల ఈమధ్య కళ్ల కింద నీడలతో, ఎటో చూస్తూ వస్తోంది. అణచుకున్న విషాదమని నేను ఎప్పుడో నిర్ధారించి పెట్టుకున్నాను. ఇద్దరు మూర్ఖులు చెరోవైపు నుంచి వచ్చి ఒకే తప్పు దగ్గర కలుసుకుంటే దాన్ని రుజువంటారు.

"ఎవరికీ చెప్పలేదు కదా?"

"పరమ రహస్యం. ఒక్క వాళ్లమ్మకి చెప్పేను. సుపేలా బజార్లో, కూరల బండి కాడ."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"కూరలోడున్నాడు. ఆడికి తెలుగు రాదు. అందుకే హిందీలో కూడా చెప్పీసాను."

వెంటనే బయల్దేరాం. క్వార్టర్ గుమ్మంలోనే సత్యశ్రీ తల్లి భాగ్యరేఖ ఎదురైంది. ఏడ్చినట్టుంది.

"రండన్నయ్యా. పిల్ల ఇంక మీ లైబ్రరీ గడప తొక్కదు. తెలుగూ వద్దు, ఏటీ వద్దు. మావయ్యగారు భజనకెళ్లేరు, వచ్చేలోగా తేల్చీండి. ఆయనకి తెలిస్తే గుండాగిపోతాది."

లోపల సత్యశ్రీ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నేను నిరపరాధిని! ముఝే కుఛ్ నహీఁ మాలూమ్. ఏ శిక్షైనా విధించు, పుస్తకాలు మాత్రం మాన్పించకు!"

భిలాయిలో పుట్టిన పిల్లలకి నోటికొచ్చేది హిందీ. ఈ పిల్ల తెలుగు మాత్రం ఎప్పుడూ సింహాసనం దిగి రాదు. అన్నం వడ్డిస్తే "చాలును" అంటుంది, ఆటో ఎక్కితే "త్వరగా పోనివ్వుము" అంటుంది. ఎక్కడ నేర్చుకుందని నేను అడగలేదు. ఆధిక్యభావమని నిర్ధారించి ఊరుకున్నాను.

"ఆ పొడేదో ఇలా చూపించు భయ్యా," అంది భాగ్యరేఖ.

"ఆగండి వదినా! సాక్ష్యాన్ని ముట్టకూడదు. ముందు నా డేగచూపు పడాలి."

యుగంధర్ నవల తెరిచి వంగాడు. నల్లటి అద్దాల్లోంచి ఏమీ కనిపించక ఇంకాస్త వంగాడు. ఇంకాస్త. చివరికి ముక్కు ఏడుపు ఘట్టంలో దిగబడింది.

కిటికీలు అదిరేలా తుమ్మాడు.

"చిరంజీవ!"

మా నలుగురిలో ఎవరమూ అనలేదు. ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. యుగంధర్ మళ్లీ తుమ్మాడు.

"చిరంజీవ, చిరంజీవ!" గంభీరమైన కంఠం. పెరటివైపు నుంచి.

"హంతకుడు దీవిస్తున్నాడు!" అని యుగంధర్ నా వెనక్కి చేరాడు.

భాగ్యరేఖ మాత్రం తిన్నగా పెరట్లోకి నడిచి, స్కూటర్ షెడ్డు రేకు తలుపు లాగింది. లోపల స్కూటర్ మీద, ప్రయాణం చేస్తున్నవాడిలాగే, గణపతిరావుగారు కూర్చుని ఉన్నారు. ఒక చేతిలో ఖాకీ అట్ట నవల, మరో చేతిలో పొడుం డబ్బా. కళ్లనిండా నీళ్లు. ఒకప్పుడు ఆయన గొంతు వింటే ఒవెన్ల మీద కూలీలు వణికేవారట.

"మావయ్యా! భజనన్నారు! పొడుం మానీసేనన్నారు!"

"ఎవరేనా తుమ్మితే అనకుండా ఉండలేనమ్మా," అన్నారాయన, తప్పంతా దీవెనదే అన్నట్టు.

నేను నవల అందుకుని చూశాను. ఈ వారం సత్యశ్రీకి నేను ఏరి ఇచ్చిన బడిపిల్లల నవల.

"ఇది… మీరు?"

"ఇందులో పిల్ల పరీక్ష రాసింది గోపాలం. ఇంకా రిజల్ట్ రాలేదు. పాసవుతాదో లేదో తెలీకుండా బయటికెలా వస్తాను?"

"మరి మీకిచ్చిన చారిత్రక నవల?"

సత్యశ్రీ లోపలికెళ్లి, సైన్సు పుస్తకం మధ్యనుంచి దాన్ని తీసుకొచ్చింది. "రాణీగారు కోటగోడ మీద ఏకాంతంగా ఉన్నారు. శత్రువులు సమీపించుచున్నారు. రాత్రంతా నీంద్ నహీఁ ఆయీ."

నిద్రలేని కళ్ల కింద నీడలు. విషాదం కాదు, ముట్టడి.

"నాకు రాజులెందుకయ్యా?" అన్నారు గణపతిరావుగారు. "సర్వీసంతా ఆఫీసర్లని చూసేను కదా. దీని వయసులో నేను కంకర మోసేను. ఆ వయసులో బళ్లో ఏటుంటాదో ఇప్పుడు చదువుకుంటన్నాను. ఒవెన్ మీద బీడీ ఎలిగించనివ్వరు, అక్కడ పొడుం అలవాటయింది. ఇప్పుడు ఏడుపొస్తే పీలుస్తాను. కళ్లమ్మట నీళ్లు పొడుం వల్లనుకోడానికి."

"షెడ్డులో ఎవరూ చూడరు కదండీ?"

"నేనుంటాను కదా."

నవల మళ్లీ ఆయన చేతిలో పెట్టాను.

"మరి నాకొక్క మాట చెప్పలేదేం?"

"అంత ఇదిగా ఏరి ఇస్తావు, బాధపడతావని. మేమిద్దరమే కాదు, ఈ క్వార్టర్ల లైనంతా అంతే. ఆదివారం సాయంత్రం అందరం పుస్తకాలు మార్చుకుంటాం."

భాగ్యరేఖ పొడుం డబ్బా లాక్కుని కొంగున ముడేసుకుంది. "ఇది నాకాడుంటాది. ఏడుపొస్తే ఏడవండి. లైబ్రరీకి ఇద్దరూ కలిసే వెళ్లండి." కూతురివైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఆ రాణి బతుకుతాదా?"

తిరిగొచ్చేటప్పుడు యుగంధర్ అన్నాడు: "చూసేవా? తుమ్ముతో ముద్దాయిని బయటికి లాగడం. ప్రపంచంలో ఈ విద్య నాకొక్కడికే తెలుసు." అంటూ కరెంటు స్తంభాన్ని గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పాడు.

మళ్లీ ఆదివారం అందరూ వరసలో నిలబడ్డారు. ముందు తాత, వెనక మనవరాలు. వాళ్ల వెనక యుగంధర్ కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, "ఆ ఏడుపు నవల నాకు కూడా… కేసు నిమిత్తం," అని గొణుగుతున్నాడు. గణపతిరావుగారు మర్యాదగా చెయ్యి చాపారు, నేను ఏదిస్తే అది పుచ్చుకోవడానికి. ఆయన ముఖం చూడగానే అలవాటు కొద్దీ నా బుర్రలో ఒక సిద్ధాంతం లేచి నిలబడింది. నా చెయ్యి అల్మరాలోకి సగందాకా వెళ్లింది కూడా.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లేచి, అడ్డంగా ఉన్న నా కుర్చీని పక్కకి జరిపాను.