హడ్మా రాయి మీద అమెరికా

బస్తర్‌లో అమెరికన్ సర్రియలిజం దొరికిందని కళా జాగృతి మిషన్ అధికారి నవీన్‌కుమార్ గారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఆదివారం దాకా దాన్ని హడ్మా గుర్తురాయి అనేవారు.

ఎర్రబోరు నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు పోతే ఆ పల్లె వస్తుంది. అక్కడ మనిషి పోతే ఊరి బయట రాయి నిలబెట్టి, బతికుండగా అతను మెచ్చినవన్నీ దాని మీద బొమ్మలేయిస్తారు. వేసేది ముత్తయ్య. మామూలు రోజుల్లో గోడల మీద సిమెంటు ప్రకటనలూ, సర్కారు నినాదాలూ రాసుకునే మనిషి.

హడ్మా మెచ్చినవి మూడు: కోడిపుంజు, కొంటా పోయే బస్సు, చేతివాచీ. నాలుగోది బోరింగు. చెడిపోయిన ఆ చేతిపంపు బాగుచేయమని నాలుగేళ్లు అర్జీలు పెట్టాడు. హిందీలో రాసిపెట్టింది ముత్తయ్యే. చివరికి వాగు నీళ్లు తాగి, వాంతులూ విరేచనాలతో మూడు రోజుల్లో పోయాడు. సిమెంటు గోడకు వాడగా మిగిలిన నీలం రంగంతా ముత్తయ్య ఆ రాయి మీద బోరింగు నీళ్లకే ఖర్చుపెట్టాడు. ఆ నీళ్లు తాగుతున్న హడ్మాను ఏడుస్తూ వేశాడు.

నవీన్‌కుమార్ గారు అమెరికాలో మూడు వారాలు ట్రైనింగ్ అయివచ్చినవారు. రాయి చూడగానే జీపు ఆపించి ముత్తయ్యను పిలిపించారు.

"బస్సు కన్నా కోడిపుంజు పెద్దది! ఎందుకు?"

"జాగ మిగిలింది సార్."

"నీళ్లు ఆకాశందాకా ఎగురుతున్నాయి. వాచీ కట్టుకున్న మనిషి దోసిలితో తాగుతున్నాడు. ఇది కలా, నిజమా?"

"బోరింగు సార్. అగో, ఎనకనే ఉంది."

వెనక హ్యాండిల్ ఊడిపోయిన బోరింగు తుప్పు పట్టి నిలబడి ఉంది. నవీన్‌కుమార్ గారి కళ్లు చెమర్చాయి. తొంభై ఏళ్ల కిందట అమెరికాలో జనం పనుల్లేక రోడ్డున పడితే, అక్కడి చిత్రకారులు కలనీ నిజాన్నీ పక్కపక్కన పెట్టి సమాజాన్ని కడిగేశారనీ, అదే పని ఇక్కడ ముత్తయ్య చేశాడనీ వివరించారు.

"నేనేం కడగలే సార్," అన్నాడు ముత్తయ్య భయంగా.

ఆ వారమే, దైవం మేలుకున్నట్టు, పైపులతో మిస్త్రీలు దిగారు. హడ్మా పేరున ముత్తయ్య రాసిన అయిదో అర్జీ ఎక్కడో తగిలింది. హడ్మా భార్య సన్నే కుండ తోమి తెచ్చుకుని బోరింగు దగ్గర కూర్చుంది. అప్పుడే నవీన్‌కుమార్ గారు వచ్చి మిస్త్రీలను వెనక్కి పంపేశారు. బోరింగు చుట్టూ తాడు కట్టించి, 'కళాఖండం, ముట్టరాదు' అని ముత్తయ్య చేతనే బోర్డు రాయించారు.

"ఏంది సార్ ఇది? మా ఒదినె వాగు నీళ్లే తాగుతంది!"

"ముత్తయ్యా, బోరింగు ఎండిపోయి ఉండబట్టే మీ బొమ్మ సర్కారును విమర్శించగలుగుతోంది. నీళ్లొస్తే విమర్శ ఏమైపోవాలి? విమర్శను కాపాడటం సర్కారు బాధ్యత."

ఇంత విశాల హృదయం ఉన్న సర్కారు ఇంకెక్కడ దొరుకుతుంది! సన్నే కుండ ఎత్తుకుని వాగుకు పోయింది.

పై నెలలో మంత్రిగారు ఆవిష్కరణకు వచ్చారు. ఆయన మీద దుమ్ము పడకుండా దారి పొడుగునా ట్యాంకరుతో నీళ్లు చల్లారు. మంత్రిగారు రాయిని తలవంచి, తలెత్తి, చూశారు.

"ఇది ఎవర్ని విమర్శిస్తోంది?"

"పాత ప్రభుత్వాన్ని సార్."

"చిన్నగా ఉంది. జగదల్‌పూర్‌లో పెద్దది పెట్టించండి."

అంతలో సన్నే తాడు దాటి ముందుకొచ్చి తన దోర్లీ భాషలో ఏదో అడిగింది. ముత్తయ్య గుండె చిక్కబట్టుకుని హిందీలో చెప్పాడు: "బోరింగు బాగుచేయించమంటుంది సార్. ఈమె పెనిమిటి ఆ వాగు నీళ్లతోనే పోయిండు."

మంత్రిగారు మండిపడ్డారు. "ఇంత చిన్న పనికి నేను రావాలా? వారంలోగా ఫొటోతో రిపోర్టు రావాలి!"

జనం చప్పట్లు కొట్టారు. ముత్తయ్య కూడా కొట్టాడు.

పాపం నవీన్‌కుమార్ గారికి అన్నం సహించలేదు. బాగుచేయకపోతే ఉద్యోగం పోతుంది, బాగుచేస్తే కళ పోతుంది. కర్ర విరగకుండా పాము చావాలి. ఆరో రోజు ఒంటరిగా వచ్చి, రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌తో చాలాసేపు అటూ ఇటూ చూసుకుని వెళ్లిపోయారు.

ఏడో రోజు, అర్జీలో ఇచ్చిన నంబరు తనదే కనక, ముత్తయ్య ఫోనుకు మెసేజ్ వచ్చింది. 'మీ ఫిర్యాదు పరిష్కారమైంది. లబ్ధిదారుడు: హడ్మా. సంతృప్తి: పూర్తిగా.' కింద ఫొటో. నీలం నీళ్లు, వాచీ కట్టిన చెయ్యి, దోసిలి. కోడిపుంజు తోక ఒక మూల కొంచెం పడింది.

వాగు దారిలో పోతున్న సన్నే ఆగింది.

"ఏం రాసిండ్రు ముత్తయ్యా? నీళ్లెప్పుడొస్తయట?"

ముత్తయ్య ఫోను ఆమె వైపు తిప్పాడు.

"వచ్చినయట ఒదినె," అన్నాడు. "హడ్మా తాగుతుండట."