మనసులోమాట పెట్టె మహిమ

పత్తికొండ శివార్లలో బసవరాజ్‌గారి టమాటా షెడ్డు ఉంది. అందులో కాయలు, పండ్లు ఏరి పెట్టెల్లో సర్దే నలభై మంది ఆడవాళ్లు గత ఉగాది నుంచి కూలీలు కారనీ, కుటుంబ సభ్యులనీ ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ మార్పు వల్ల పనిగంటల్లో గానీ కూలిలో గానీ ఏ తేడా రాలేదు కాబట్టి ఎవరూ కంగారు పడనక్కరలేదు.

ఈ సంగతి రాసిన కాగితాన్ని షెడ్డు గోడకు అంటించినవాడు మేనేజరు సుందరం. నెమ్మదస్తుడు. పన్నెండేళ్ల సర్వీసులో యజమానికి నచ్చని మాట ఒక్కటీ అనలేదు. ఆ సేవకు గుర్తింపుగా, ఆఫీసు గదిని ఆనుకుని ఉన్న బాత్రూము తాళంచెవి అతని మొలతాడుకు వేలాడుతోంది. షెడ్డు మొత్తానికీ బాత్రూము అదొక్కటే. తనిఖీకి వచ్చే అధికారుల కోసం కట్టింది. వాళ్లెప్పుడు వస్తారో తెలియదు కాబట్టి అది ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి, ఎవరూ వాడకపోతేనే శుభ్రంగా ఉంటుంది అన్నది సంస్థ విధానం.

ఆడవాళ్లకు అర కిలోమీటరు అవతల కంపచెట్లు ఉన్నాయి. అంతదూరం పోయివస్తే ఎందుకు ఆలస్యమైందో సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని పొద్దున ఆరింటికి పనిలోకి దిగినవాళ్లు సాయంత్రం దాకా నీళ్లు ముట్టరు. కర్నూలు ఎండ సంగతి మీకు తెలిసిందే. మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి, పచ్చికాయ పండ్ల పెట్టెలోకి పోతుంది, మద్రాసు వ్యాపారి ఫోన్ చేసి తిడతాడు.

దీనికి కారణమేమిటో బసవరాజ్ హైదరాబాదులో, ఒక చల్లటి హోటల్లో, రెండు రోజుల శిక్షణకు పోయి తెలుసుకొచ్చాడు. సిబ్బందిలో స్ఫూర్తి లేకపోవడమే కారణమట.

మరుసటి వారమే స్ఫూర్తి నింపడం మొదలైంది. పొద్దున్నే అందరూ వరసగా నిలబడి చప్పట్లు కొట్టి, "నేను గెలుస్తాను" అని మూడుసార్లు అనాలి. ఎవరి మీద గెలవాలని సోమక్క అడిగితే, ప్రస్తుతానికి టమాటాల మీద అని సుందరం వివరించాడు. ఆ నెలకు ఉత్తమ సభ్యురాలిగా గిడ్డమ్మ ఎంపికైంది. ఆమె ఫొటో పెద్దది చేయించి, గోడకు తగిలించి, బంతిపూల దండ వేసి, కింద చిన్న బల్బు వెలిగించారు. రెండో రోజు గిడ్డమ్మ మేనత్త ఆస్పరి నుంచి ఆటో కట్టించుకుని ఏడుస్తూ వచ్చి దిగింది. గిడ్డమ్మే ఆమెను పట్టుకుని ఓదార్చాల్సి వచ్చింది. వచ్చే నెల ఆ గౌరవం ఎక్కడ తమకు దక్కుతుందోనని మిగిలిన వాళ్లంతా పనిలో వేగం తగ్గించారు.

ఇంతలో విశ్వాసమ్మ అనే సభ్యురాలు నడుము నొప్పితో ఆదోనిలో డాక్టరుకు చూపించుకుంది. మూత్రపిండంలో రాయి ఉందనీ, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగితే పడిపోతుందనీ, తాగకపోతే కోయాల్సి వస్తుందనీ ఆయన చెప్పాడు. ఆమె ఆ మందుల చీటీ పట్టుకుని సుందరం ముందు నిలబడింది.

"నీళ్లు తాగమంటాండారు సార్. తాగితే యాడికి పోవాల? ఆ తాళంచెవి ఈడనే ఉండాది కదా."

సుందరం మనసు కలుక్కుమంది. తనకూ ఇంట్లో ఆమె ఈడు చెల్లెలుంది. కానీ ఈ మాట యజమాని చెవిన వేయడమంటే, స్ఫూర్తి కాక వేరే కారణం కూడా ఉందని చెప్పడం. హైదరాబాదు శిక్షణనే తప్పుపట్టడం. "పెద్దాయనకు చెప్తాలేమ్మా" అన్నాడు. రెండేళ్లుగా అంటున్న మాటే కాబట్టి తడబడకుండా వచ్చింది.

ఆ వారంలోనే హైదరాబాదు శిక్షకుడు గోపీనాథ్ స్వయంగా విచ్చేశాడు. సభ్యుల అంతరంగం తెలియాలంటే 'మనసులోమాట' అని ఒక పెట్టె పెట్టాలన్నాడు. దాన్ని చేసే పని వెల్డింగు బొజ్జన్నకు అప్పగించారు. బొజ్జన్న అంతవరకు చేసిన పెట్టెలన్నీ గుళ్లకు హుండీలే. ఇదీ అలాగే తయారైంది. పైన సన్నటి సందు, ముందు రెండు తాళాలు, మెడకు ఎర్రగుడ్డ. కొత్త తరాజునైనా బొట్టు పెట్టకుండా వాడే అలవాటు ఈ సీమలో లేదు. సోమక్క పసుపు రాసి కుంకుమ పెట్టింది. కాపలా ఈరప్ప టెంకాయ కొట్టాడు. అప్పుడు బసవరాజ్ ప్రసంగించాడు.

"అక్కల్లారా, మీకేం కావాల్నో ఈ పెట్టెకు చెప్పుకోండి. పేరు రాయాల్సిన పనిల్యా. నమ్మకం పెట్టుకోండి, అంతే. నెరవేరతాది."

ఇలాంటి హామీ ఇచ్చే పెట్టెల ముందు ఎలా నడుచుకోవాలో ఆ నలభై మందికి ఒకరు నేర్పాల్సిన పనిలేదు. మరునాటి నుంచి చెప్పులు దూరంగా విడిచి వచ్చి, కళ్లు మూసుకుని నిలబడ్డారు.

నెల తిరిగాక పెట్టె తెరిచారు. సగం చీటీలు పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు. మిగతావి చర్చిలో ఇచ్చే ప్రార్థన విన్నపాలు. సుందరం ఒక్కొక్కటే పైకి చదివాడు. "రాఘవేంద్రస్వామీ, ఆడోళ్లకు బాత్రూము కట్టిచ్చే బుద్ధి మా సావుకారికి ఇయ్యి, మంత్రాలయానికి నడిచొస్తా." "ప్రభువా, మా సావుకారి హృదయాన్ని మెత్తబరచు, బాత్రూము దయచేయి, ఆమెన్." నలభై చీటీల్లోనూ కోరిక ఒక్కటే.

గోపీనాథ్ తన పుస్తకంలో ఫిర్యాదులు లేవని రాసుకున్నాడు. ఒక్క చీటీ కూడా యాజమాన్యాన్ని ఉద్దేశించి లేదు కదా. పరుల పేరున వచ్చిన ఉత్తరాలకు మనం జవాబివ్వడం మర్యాద కాదని కూడా అన్నాడు. బసవరాజ్ కళ్లు తుడుచుకున్నాడు.

సుందరం గొంతు సవరించుకున్నాడు. పన్నెండేళ్లలో అది మొదటిసారి. "సార్, ఆ బాత్రూము..."

"భక్తి అప్పా సుందరం, భక్తి. ఇంత భక్తి ఉండే పెట్టెను ఎండలో పెట్టినాం మనం" అన్నాడు బసవరాజ్.

సుందరం తలూపాడు. అంతటితో అతని సాహసం ముగిసింది.

పెట్టెకు మండపం మంజూరైంది. తెల్ల టైల్సు, గడియ ఉన్న తలుపు, కాళ్లు కడుక్కునే కొళాయి, నీళ్లు బయటికి పోయే గొట్టం. దాన్ని కట్టిన లేవి అనే మేస్త్రి సగం పని అయ్యేదాకా తను కడుతున్నది ఇంకోటనే అనుకున్నాడు.

విశ్వాసమ్మ నొప్పి ముదిరి కర్నూలు ఆస్పత్రిలో చేరింది. అక్కడ ఆమె మంచానికి పది అడుగుల్లో బాత్రూము ఉంది. పెళ్లయ్యాక మొదటిసారి పగటిపూట కడుపునిండా నీళ్లు తాగింది. ఐదో రోజుకు రాయి పడిపోయింది. షెడ్డుకు తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీళ్లు తాగితి, పడిపాయ. అంతే సార్."

అంతేనని ఆమె అనుకుంది గానీ సంస్థ అనుకోలేదు. ఆమె పెట్టెలో చీటీ వేయడం నిజం, రాయి పడిపోవడం నిజం. ఆస్పత్రిలో పొట్లం కట్టి ఇచ్చిన ఆ రాయిని సీసాలో పెట్టి మండపంలో ప్రతిష్ఠించారు. ఆవిష్కరణ సభలో మొదటి సాక్ష్యం సుందరమే చెప్పాడు. పెట్టె మహిమ గురించి పది నిమిషాలు, ఎదుట కూర్చున్న విశ్వాసమ్మ వైపు చూడకుండా మాట్లాడాడు. ఆమె మాత్రం అతన్నే చూస్తూ, మళ్లీ ఎండిపోయిన పెదాలు తడుపుకుంది.

ఇప్పుడు ఆదోని, ఆలూరు నుంచి కూడా జనం వస్తున్నారు. ఒక వ్యాపారుల సంఘం ఆ షెడ్డుకు ఉత్తమ పనిచోటుగా జ్ఞాపిక ఇచ్చింది. మీరూ కుటుంబంతో రావచ్చు. బండ్లు నిలపడానికి జాగా ఉంది, ప్రసాదం ఉచితం. ఆడవాళ్లను తీసుకొస్తే మాత్రం పొద్దున్నుంచే నీళ్లు తాగొద్దని చెప్పి బయలుదేరదీయండి. మరిచిపోయినా పరవాలేదు. ప్రయాణమనగానే చెంబు పక్కన పెట్టడం మీ ఇంటి ఆడవాళ్లకు ఎప్పటినుంచో అలవాటే. ఆ సంగతి తెలియనిది మీకే.