పాటలో పోయిన మైకు

కోతపండుగ ఆదివారం పొద్దున యెషయా వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త మైకు పెట్టడం, ఆరాధన సాఫీగా నడిపించడం, ఆ తర్వాత తీరిగ్గా జాన్సన్ ముఖం చూడటం. హుజూరాబాద్‌లోని ఆ చర్చి సంఘంలో ఇరవై ఏళ్లుగా మైకు యెషయాదే. ఈస్టర్ నాడు పాత తీగ మైకు పాస్టరు అయ్యగారి ప్రసంగం నడుమ కుయ్యిమని అరిచినప్పటి నుంచి ఆ పని మీద అదే సంఘంలోని జాన్సన్ కన్ను పడింది. ఇంకొక్కసారి గోల చేసిందో, మైకు జాన్సన్‌కే ఇచ్చేస్తామని పెద్దలు తేల్చి చెప్పారు. అందుకే యెషయా హైదరాబాద్ వెళ్లి, ఎవరో వాడి అమ్మేసిన తీగ లేని మైకు ఒకటి తెచ్చుకున్నాడు.

కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న కూతురు రెబెకా దాని వెనక అంకెలు చూసి ముఖం చిట్లించింది.

"బాపూ, గిది వాడొద్దు. గీ మైకు నడిచే ఫ్రీక్వెన్సీ ఇప్పుడు ఫోన్ కంపెనీలది. సర్కారు వేలం పాట పెడితే కొనుక్కున్నరు. మనం వాడితే కేసైతది."

"గాలిని సుత పాట పెట్టిండ్రా?"

కోతపండుగకు గుమ్మడికాయలనూ కోళ్లనూ చర్చిలో పాట పెట్టడం యెషయాకు తెలుసు. గాలిని పెట్టడం ఇదే వినడం. "ఒక్క పూటకు ఎవలు చూస్తరు బిడ్డా?" అని మైకు సంచిలో వేసుకున్నాడు.

చూసేవాడు తొమ్మిదింటికే వచ్చాడు. యెషయా మీట నొక్కి, ఇంకా "హలో" అయినా అనలేదు, బుచ్చవ్వ ముసలమ్మ గేటు దగ్గర్నుంచి వగరుస్తూ వచ్చింది.

"కొడుకా, ఎవలో కొత్త సారు వచ్చిండు. మెడల కార్డున్నది. తీగ లేని మైకు సంగతి ఎవలకు తెలుసని అడుగుతుండు!"

కేసు పెట్టే సర్కారు సారే అనుకున్నాడు యెషయా. బలిపీఠం ముందు కానుకగా వరుసగా పెట్టిన ప్రథమ ఫలాల్లో భార్య గ్రేస్ తెచ్చిన గంప కనబడింది. అందులో కాళ్లు కట్టిన పుంజు, పైన గుడ్డ. మైకును గుడ్డ కిందికి తోసి, లోపలికొస్తున్న సారుకు ఏమీ ఎరగనట్టు "వందనాలు" చెప్పాడు. ఆ తొందరలో మైకు ఆపడం మరిచాడు.

ఆరాధన మొదలైంది. అయ్యగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, మా మొర ఆలకించు" అన్నారు.

"కొక్కొరొకో" అని నాలుగు స్పీకర్లూ పలికాయి.

చర్చిలో కోడి కూతంటే భక్తులకు గుబులు, శిష్యుడు ప్రభువును ఎరగనని బొంకినప్పుడు కూసింది కోడే కదా. చేసిన తప్పులన్నీ గుర్తొచ్చి తలలు వంచుకున్నారు. యెషయా ఉరికి, కొత్త మైకుతో వచ్చిన రిసీవర్ డబ్బా తీగ పీకి, పాత మైకు తగిలించాడు. గంప మాత్రం అందరి కళ్ల ముందే ఉంది, వెళ్లి తీయడానికి లేదు. ఆరాధన ముగియగానే అది పాట బల్ల ఎక్కింది.

మొదటి పాట కార్డు సారుదే. సాక్ష్యం పట్టుకుపోతున్నాడని యెషయా పైన పాడాడు. సారు ఇంకా పైన పాడాడు. చూస్తుండగానే పుంజు ధర మేక ధరను అందుకుంది.

"ఏమయ్యా, మతి పోయిందా? మనమిచ్చిన కోడిని మనమే కొంటవా?" అని గ్రేస్ అంగీ పట్టి గుంజి కూర్చోబెట్టింది. మూడోసారి కూడా అనేశారు, గంప సారు పాలైంది.

సారు గుడ్డ తీశాడు. పుంజు పక్కన మైకు. ఇరవై ఏళ్ల పరువు యెషయా కళ్ల ముందు గిర్రున తిరిగింది. "సారూ, నేను అండ్ల ఒక్క మాట సుత మాట్లాడలే!" అని చేతులు జోడించాడు.

"నేను సారును కాదన్నా. తిమోతి నా పేరు, బస్సు కండక్టర్ను, గీ కార్డు గందుకే. భైంసాల మా సంఘం మైకు నేనే చూస్త. చుట్టాలింటికి వచ్చిన, కేసు కాని మైకు ఏదో నిన్ను అడుగుదామనుకున్న. పుంజేమో వాళ్లింటి కూరకని పాడిన." అంటూనే మైకు తిప్పి చూశాడు. అడుగున తన చేత్తో అంటించిన నీలం టేపు. అతని ముఖం వాడిపోయింది. "అయ్యో, గిది మా పాతదే! కేసైతదంటే హైదరాబాద్ పట్నంల అమ్మి వదిలించుకున్న. మళ్ల నా నెత్తికే వచ్చిందా?"

యెషయాకు ప్రాణం లేచొచ్చింది. "పాట గెలిచినోళ్లకు గంపల ఉన్నదంతా దక్కుతది తమ్మీ. గది మా రివాజు" అని, డబ్బాను కూడా తెచ్చి పుంజు పక్కన పెట్టాడు.

పాత తీగ మైకు ఆ పూట ఒక్కసారీ కుయ్యిమనలేదు. పెద్దలు జాన్సన్ మాటే ఎత్తలేదు.

నిజం చెప్పాలంటే, ఆ పొద్దు చట్టాన్ని మీరి నోరు విప్పింది పుంజు ఒక్కటే.