ఇద్దరికీ కలిపి ముప్పై ఒకటి

మనుషులందరి రక్తమూ ఒక్కటేనని ఈజిప్టులో తాంతా పట్టణపు కొవ్వు తగ్గింపు డైరెక్టరేట్ ఏనాడో తీర్మానించింది. ఆ సంగతి రక్తానికి తెలియజేయడం ఒక్కటే మిగిలింది.

నియమం నాలుగు ప్రకారం, సర్కారు మాత్ర వేసుకున్న పౌరుడికి ఆరు నెలల్లో చెడ్డ కొలెస్టరాల్ నూటికి ముప్పై తగ్గాలి. (తగ్గవచ్చు అనలేదు, తగ్గాలి అన్నారు.) పత్తి మిల్లు ఫోర్‌మన్ బయ్యూమీకి నాలుగే తగ్గింది. అదే ఇంట్లో అదే మాత్ర వేసుకున్న తమ్ముడు షహాతాకి యాభై ఎనిమిది తగ్గింది. అన్న ఉడికించిన ఆకుకూరతో పొట్ట నింపుకుంటున్నాడు. తమ్ముడు ప్రతి శుక్రవారం నెయ్యి కారే ఫితీర్ రొట్టెలు రెండు లాగించి వేళ్లు నాక్కుంటాడు. బయ్యూమీకి ఒళ్లు మండిపోయేది.

మంట కంటే భయం ఎక్కువ. వాళ్ల నాన్న యాభై మూడో ఏట గుండె పట్టుకుని కూలిపోయాడు. బయ్యూమీకి యాభై రెండు నిండాయి. ఒకే మాత్ర అందరికీ ఒకేలా పనిచెయ్యదనీ, ఇతనికి రెండో మందు కూడా కావాలనీ డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. దాని మీద సర్కారువారి గద్ద ముద్ర పడితేనే మందు. ముద్ర డైరెక్టరేట్ గుమాస్తా మదామ్ ఇన్‌షిరాహ్ సొరుగులో ఉంటుంది.

"నాలుగే తగ్గిందంటే మాత్ర మింగట్లేదన్నమాట," అందామె, బల్ల మీద రాత్రి కూరకి మొలోఖియా ఆకు తుంచుకుంటూ.

"రోజూ మింగుతున్నా తల్లీ! నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్టుకి ఫారంలో గడి లేదు హాజీ. సాక్షిని పెట్టుకో."

మూడు నెలలపాటు బయ్యూమీ తమ్ముడి ఎదుట మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాడు. షహాతా సంతకం పెట్టాడు. (నాలుక కింద చూసినట్టు వేరే సంతకం.)

"ఇంకాస్త పెద్దగా తెరువు అన్నా, సర్కారు పని!"

"నోర్ముయ్యరా, నెయ్యి డబ్బా!"

మళ్లీ పరీక్షిస్తే మళ్లీ నాలుగే. ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుని, మాత్రకు ఆమోదముద్ర ఎప్పుడో పడింది గనుక తప్పు దానిది కాదని తేల్చింది. ఒంట్లో కొవ్వు తయారుచేసే కాలేయం పేరిట సంజాయిషీ నోటీసు వెళ్లింది. దాని తరఫున బయ్యూమీ వేలిముద్ర వేశాడు. గడువులోగా కాలేయం జవాబివ్వలేదు.

నెల తర్వాత ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. మదామ్ ఇన్‌షిరాహ్ ముఖం వెలిగిపోతోంది.

"మబ్రూక్, శుభాకాంక్షలు హాజీ! నీకు నాలుగు, మీ తమ్ముడికి యాభై ఎనిమిది. సగటు తీస్తే ముప్పై ఒకటి. నియమం కంటే ఒకటి ఎక్కువే!"

"అమ్మా, వాడి రక్తం వాడిది, నా రక్తం నాది. నాకు మందు కావాలి."

"ఒక్క తల్లి బిడ్డలు, రక్తం వేరంటావా? సిగ్గుగా లేదూ?"

ఆమె గద్ద ముద్రను ఊది, చీటీ మీద కాకుండా ఫైలు మీద గట్టిగా కొట్టింది. *వ్యాధి నయమైనది.*

బయ్యూమీ బల్ల అంచు పట్టుకుని అడిగాడు.

"మరి నాన్నకొచ్చినట్టు నాకూ గుండెనొప్పి వస్తేనో?"

ఆమె నిజంగానే జాలిపడింది. ఆకులు పక్కకు నెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

"అప్పుడు మీ తమ్ముణ్ని కూడా వెంటబెట్టుకుని రా. ఒక్కడివే వస్తే సగం నొప్పిగానే రాస్తారు."