తెగని పోగులు

ఆ ఉదయం చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పరీక్షకురాలు వస్తారు. మైక్రోస్కోపు కింద ఆక్టిన్ పోగులు, అంటే కణాన్ని నిలబెట్టే సన్నటి ప్రోటీన్ దారాలు, కనిపిస్తాయి. వాటి మీద చిట్టి తన కత్తెర ప్రోటీన్ వేస్తుంది. అవి పటపటా తెగుతాయి. ఆవిడ సంతకం పెడతారు. దాంతో ఆరేళ్ళుగా తెమలని పీహెచ్‌డీ తెమిలిపోతుంది.

పొద్దున్నే గైడుగారు రాకపోయి ఉంటే అలాగే జరిగేది కూడా. ముఖ్యమైన రోజుల్లో ప్రోటీన్ కలిపే ద్రావణం ఆమ్లత తానే సరిచూడాలని ఆయన పట్టు. "నువ్వు కంగారు పడతావమ్మా, ఇలా తే" అని సీసా లాక్కున్నారు. ప్రోటీన్‌కి చల్లదనం మంచిదని, మీటరుతో సహా చలిగదిలోకి వెళ్ళి, స్వెట్టర్ వేసుకుని మరీ సరిచూసి వచ్చారు.

పదయింది. పరీక్షకురాలు వచ్చి కూర్చున్నారు. చిట్టి కత్తెర ప్రోటీన్ వేసింది. పోగులు హాయిగా పడుకునే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి తెగలేదు.

"ఇంకాస్త వెయ్యి" అన్నారు గైడుగారు ఆమె చెవిలో. వేసింది. "పిసినారితనం దేనికమ్మా, ధారాళంగా వెయ్యి!" ఏడాది పాటు శుద్ధి చేసి దాచుకున్న సరుకంతా ఫ్రీజర్లోంచి వచ్చి ఖర్చయిపోయింది. పోగులు చెక్కు చెదరలేదు.

"ఫ్రీజర్ చెడిపోయినట్టుంది" అని గైడుగారు ల్యాబు పరికరాలు చూసుకునే టెక్నీషియన్ వంక గుర్రుగా చూశారు.

"నా ఫ్రీజర్‌ని అంటే ఊరుకోను సార్. ఆ మైక్రోస్కోపే ముసలిదైపోయింది" అన్నాడాయన.

సరే చూద్దామని ఇద్దరూ కలిసి దాని దీపం ఊడదీశారు. స్క్రూ ఒకటి దొర్లి బల్ల కిందికి పోయింది. దాని వెనకే గైడుగారూ పోయారు. పరీక్షకురాలు మర్యాదగా కాళ్ళు రెండూ పైకెత్తి కూర్చుని, "ద్రావణం ఎక్కడ సరిచూశారమ్మా?" అని అడిగారు.

"చలిగదిలో! నేనే స్వయంగా!" అని బల్ల కింది నుంచి సగర్వంగా జవాబొచ్చింది.

చిట్టి నెత్తి కొట్టుకుంది. ఆ ద్రావణం వెచ్చబడేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. ఆమ్లత పెరిగితే కత్తెర మొద్దుబారుతుంది. పరుగున వెళ్ళి మీటరు పెట్టి చూస్తే అక్షరాలా అదే. టెక్నీషియన్ దీపం బిగించి వెలిగించగానే ఆమె క్షారం కలిపిన చుక్క ఒకటి గాజుపలక అంచున వదిలింది. అంతే! అన్ని పోగులూ పటపటమని ముక్కలైపోయాయి.

"అబ్బ! ఆమ్లత పెరిగితే ఆగాయి, తగ్గితే తెగాయి! మీ థీసిస్‌లో ఇది లేదే?" పరీక్షకురాలి మొహం వెలిగిపోయింది.

"లేదు మేడమ్."

"ఇంత మంచి విషయం వదిలేస్తారటమ్మా ఎవరైనా? ఒక అధ్యాయం రాసి తీరాలి. ఎంత, ఇంకో ఏడాది పని!"

"ప్రోటీన్ మొత్తం అయిపోయింది మేడమ్..."

"మళ్ళీ చేసుకుందువుగాని" అని ఆవిడ ఆప్యాయంగా భుజం తట్టి, పెన్నుకి మూతపెట్టి సంచిలో వేసుకున్నారు.

ప్రయోగం అంత బ్రహ్మాండంగా కుదిరింది కాబట్టి ఆమె పాసవలేదు.