పై వాటాలో ఏడుపు

ఆ ఉదయం గడియారాల మెకానిక్కు వేసుకున్న పథకం చాలా చిన్నది. సెలవు ముగిసి భార్య ఆస్పత్రిలో నర్సు పనికి మళ్ళీ మొదటిరోజు వెళ్తుంది. తను ఇంట్లో పాపని చూసుకుంటూ, అది పడుకోగానే రెండు చేతిగడియారాలు బాగుచేస్తాడు. అంతే. పదినెలల ఆ పాపని ఇంట్లో చిట్టి అనేవారు, మేడలో మిగతావాళ్ళు సైరన్ అనేవారు. ఎదురు వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ ఇప్పటికే రెండుసార్లు ఫిర్యాదు చేసింది. మూడోది వస్తే ఖాళీ చేయాల్సిందేనని ఓనరు గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్ళాడు.

భార్య గేటు దాటగానే పాప అందుకుంది. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. పాలసీసా విసిరికొట్టింది. గిలక్కాయ ఆడిస్తే దాన్ని మించి అరిచింది. భుజాన వేసుకుని వంటింటికీ వరండాకీ మధ్య తిరిగి తిరిగి అతని కాళ్ళు పీక్కుపోయాక, పదిన్నరకి, కుళాయి కట్టేసినట్టు టక్కున ఆపి నిద్రపోయింది. ఉయ్యాల్లో పడుకోబెట్టి, మునివేళ్ళ మీద ముందుగదిలోకి వచ్చి, కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

ఏడుపు వినిపించింది.

పట్టకారు పారేసి పరుగెత్తాడు. పాప నిద్రలోనే ఉంది. పెదాలు మూసుకునే ఉన్నాయి. పొట్ట నెమ్మదిగా లేచి పడుతోంది. ఏడుపు మాత్రం ఆగలేదు. ఇంకెవరి పిల్లో అని సరిపెట్టుకుందామన్నా కుదరలేదు. రెండు పొడుగు రాగాలు, మధ్యలో ఒక వెక్కిలి, చివర్న "మ్మా" అని ఒక విరుపు. పదినెలలుగా వింటున్నవాడు పొరపడడు. అది తన కూతురి ఏడుపే. పై వాటాలోంచి వస్తోంది. పై వాటా రెండు నెలలుగా ఖాళీ. నిన్ననే రంగులు వేయించి మళ్ళీ తాళం పెట్టారు.

భార్యకి ఫోన్ చేశాడు.

"ఏంటండీ, అంతలా ఏడుస్తుంటే ఫోన్ పట్టుకుని నిలబడ్డారా? ముందు ఎత్తుకోండి!"

"పాప నిద్రపోతోంది."

"మరి ఏడుస్తున్నదెవరు?"

"మన పాపే."

"మీరు కదలకుండా కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి. వస్తున్నా," అని పెట్టేసింది.

ఏడుపు ఆగింది. అంతలోనే తలుపు దబదబా మోగింది. గుమ్మంలో టీచరమ్మ, వెనక ఓనరు.

"పొద్దుట్నుంచీ ఇదే వరసండీ. ఇవాళ ఋజువు కూడా పట్టాను, రికార్డు చేశాను, వినండి," అని ఆవిడ ఫోన్ నొక్కింది. ఫోన్ పలకలేదు. పైన ఏడుపు మొదలైంది. "చూశారా! ఋజువు చూపించేలోపే మళ్ళీ అందుకుంది!"

మెకానిక్కు లోపలికెళ్ళి పాపని భుజాన వేసుకుని తెచ్చాడు. ఇద్దరూ ఆ మూసుకున్న నోటిని చూశారు. తర్వాత పైకప్పు చూశారు. టీచరమ్మ చేతిలో ఫోన్ని గట్టిగా బిగించి పట్టుకుంది. ఏడుపు రెట్టింపయింది.

"పై వాటా తాళంచెవి మీ దగ్గరే ఉంది కదండీ?" అన్నాడు మెకానిక్కు.

"నా దగ్గరే ఉంది. అదే నా భయం," అన్నాడు ఓనరు.

పాప అతని భుజమ్మీదే నిద్రపోతుండగా ముగ్గురూ మెట్లెక్కారు. తలుపు ముందుకి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఏడుపుకన్నా అధ్వాన్నంగా ఉంది. ఓనరు చేతిలోంచి తాళంచెవి రెండుసార్లు జారిపడింది. లోపల కిటికీలు మూసి ఉన్నాయి. కొత్త రంగు వాసన. ముగ్గురు నడుస్తుంటే ఆరుగురు నడుస్తున్నట్టుంది.

"ఎవరమ్మా లోపల?" అని ఓనరు, అద్దెకున్నవాళ్ళతో ఎన్నడూ మాట్లాడనంత మర్యాదగా అడిగాడు.

"ఉండండి, లైటు వేస్తాను," అని టీచరమ్మ ఫోన్ తడిమింది.

సరిగ్గా నెత్తిమీద, అటక మీంచి, పసిపిల్ల గుక్కపెట్టింది. ఓనరు నేలమీద చతికిలబడ్డాడు. టీచరమ్మ మెకానిక్కు చొక్కా పట్టుకుంది. అతను కళ్ళు మూసుకోబోయి, అటక అంచున చిన్న నీలం దీపం మిణుకుమనడం చూశాడు. చెయ్యి చాపి దింపాడు. గుండ్రటి చిన్న బ్లూటూత్ స్పీకరు.

"అయ్యో, ఇది నాదే! రంగులేసే అతను పాటలు వినడానికి అడిగి తీసుకెళ్ళాడు," అంది టీచరమ్మ. తన ఫోన్ వంక చూసుకుంది. గొంతు తగ్గిపోయింది. "రికార్డు సరిగ్గా వచ్చిందో లేదో అని ఇందాకట్నుంచీ నొక్కి చూస్తున్నా. పలకట్లేదని సౌండు పెంచుతూ పోయా."

"అంటే ఇంతసేపూ మేడంతా హడలగొట్టింది మీరన్నమాట," అన్నాడు ఓనరు నేలమీంచే.

అప్పుడు పాప లేచింది. ముగ్గురూ బిక్కచచ్చిపోయారు. పాప నోరు తెరిచింది. టీచరమ్మ వేలు ఫోన్కి తగిలి, పాపకన్నా ముందే స్పీకరు ఏడ్చింది. పాప నోరు మూసుకుని, తల పక్కకి వంచి, తన ఏడుపు తానే చివరిదాకా శ్రద్ధగా విని, టీచరమ్మ వైపు చూసింది.

"ఇంకోసారి నొక్కండి," అని గుసగుసలాడాడు తండ్రి.

"నొక్కండి టీచరుగారూ, ఫిర్యాదు సంగతి తర్వాత," అన్నాడు ఓనరు.

"ఫిర్యాదా? నేనెప్పుడు చేశాను?" అని టీచరమ్మ నొక్కింది. మళ్ళీ నొక్కింది. పాప నవ్వింది.

ఉద్యోగంలో మళ్ళీ చేరిన మొదటిరోజే సగంలో వదిలేసి, భర్తకి మతిపోయిందనుకుంటూ నర్సమ్మ ఆ ఏడుపు వెంటే పై వాటాదాకా పరుగెత్తుకొచ్చింది. ఖాళీ గదిలో ముగ్గురు పెద్దవాళ్ళు కటిక నేలమీద కూర్చుని, తన బిడ్డ ఏడుపు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆ బిడ్డేమో తండ్రి ఒళ్ళో కూర్చుని కిలకిలా నవ్వుతోంది. ఆమె గుమ్మానికి జారబడి భోరున ఏడ్చింది.

ఆమెని ఊరుకోబెట్టే రికార్డు మాత్రం ఎవరి ఫోన్లోనూ లేదు.